సుట్టాలకు చూపియ్యని పిల్ల

నాకు కోపం జల్ది వస్తది. మా ఆఫీసుల అందరికి తెలుసు. అయినా నన్ను పనిలకెళ్లి తీసెయ్యరు, ఎందుకంటె జహీరాబాద్‌ల ఉండి ఇంగ్లీషు, హిందీ, తెలుగు, అండ్ల కొంత కన్నడం మాట్లాడుకుంట మట్టి తొవ్వలల్ల తిరిగేటోళ్లు ఇంకోలు దొరుకుడు కష్టం. బైటి దేశాలోళ్లు ఊర్లు చూడనీకి వస్తె వాళ్ల మాట ఊరోళ్లకు, ఊరోళ్ల మాట వాళ్లకు చెప్పుడు నా పని. ఒక్క మాట కలప, ఒక్క మాట మింగ. ఒకపారి న్యాల్‌కల్ దిక్కు ఒక పెద్దమనిషి ఢిల్లీకెళ్లి వచ్చిన ఆఫీసర్ని ముఖమ్మీదనే తిట్టిండు. నేను తిట్టును తిట్టు లెక్కనే ఇంగ్లీషుల చెప్పిన. మా సారు తల పట్టుకున్నడు. నేనేం చెయ్యాలె? తిట్టినోడు తిట్టిండు, నేను చెప్పిన.

మా ఆఫీసు అంటె పెద్దదేం కాదు. బస్టాండు ఎనక గల్లీల కిరాయి ఇల్లు, రెండు బల్లలు, కరెంటు పోతె ఉడికిపోయే అర్ర. ఆడికెళ్లి చుట్టుపక్కల ఊర్లల్ల పిల్లలకు బువ్వ పెట్టే కేంద్రాలు నడిపిచ్చినం. ఊర్ల ఆడోళ్లు ఊకె అడుగుతుండ్రి, ‘గీ పైసలు ఎవ్వలిస్తరక్క’ అని. చెప్పుడు అలకగ ఉండకపోతుండె. యాడనో ఒక చల్లటి దేశం ఉంటది. ఆ దేశం మాకు సీదా ఇయ్యది. చాన దేశాలు కలిసి పెట్టుకున్న పెద్ద సంస్థ ఒకటి ఉంటది, దానికి ఇస్తది. ఆ సంస్థ తన ఢిల్లీ ఆఫీసుకు, ఢిల్లీ ఆఫీసు హైదరాబాద్‌ల ఇంకో సంస్థకు, వాళ్లు మాకు, మేము ఊరికి. లగ్గంల ఆఖరి బంతికి కూసున్నోళ్లకు ముక్కలు తక్కువ, పులుసు ఎక్కువ వస్తది చూడు, గట్ల.

ఇంకో సంగతి ఉన్నది. ఇచ్చే దేశం ఊకె ఇయ్యది. గివి పిల్లల తిండికే, గీ ప్రాంతానికే, గప్పటిదాంకనే అని ముందే కట్టడి చేసి ఇస్తది. పెద్ద సంస్థోళ్లు ‘గట్ల కట్టడి పెట్టకుండ్రి, మాకే ఇడిసిపెట్టుండ్రి, యాడ అవసరముంటె ఆడ ఖర్చు పెడ్తం’ అని మొత్తుకుంటరట. ఏ దేశం ఇనది. ఎందుకినాలె? ఆ దేశంల ఓట్లేసేటోళ్లకు ‘చూడుండ్రి, గీ పిల్ల మన పైసలతోని తింటున్నది’ అని ఫోటో చూపియ్యాలె కదా. అందుకే మా ఊర్లకు మనుషులు వస్తుండ్రి. వాళ్లు వచ్చినప్పుడు నా పని.

ఝరాసంగం దిక్కు మెయిన్ రోడ్డు ఇడిసి మట్టి తొవ్వల పోతె ఒక ఊరొస్తది. ఊరికి అవతల వాగు. వాగు దాటితె చిన్న వాడ. అంగన్‌వాడి ఊర్ల ఉన్నది, టీచరమ్మ మంచామెనే, కని వానకాలం వాగు పారితె వాడ పిల్లలు ఆడికి పోలేరు. అందుకే వాడల మేము కేంద్రం పెట్టినం. వాడోళ్లు దాన్ని ‘పిల్లల బువ్వ ఇల్లు’ అంటుండ్రి. పొద్దుగాల జొన్న గటక, పగటీలి పప్పు బువ్వ, దినాం ఒక గుడ్డు. పత్తి ఏరనీకి పోయే తల్లులు పిల్లల్ని ఆడ దించి పోతుండ్రి.

ఆ వాడల ఒక ముసలవ్వ ఉండె. కొడుకు, కోడలు దీపావళి అయినంక చెరుకు కొట్టనీకి కర్ణాటక దిక్కు పోతె ఎండలు ముదిరినంకనే వాపసు వచ్చుడు. ఆ యేడు పాలు మాన్పిచ్చిన ఆడపిల్లను అవ్వ తాన ఇడిసిపోయిన్రు. మొదటిసారి అవ్వ ఆ పిల్లను సంకల ఏసుకోని కేంద్రానికి తెచ్చిన దినం నాకు యాదికున్నది. చేతులు కందిపుల్లల లెక్క, కడుపు మాత్రం ఉబ్బి ఉన్నది. ఏడ్వనీకి సుత ఓపిక లేదు. మా దగ్గర పనిచేసే నర్సమ్మ పిల్లను బట్ట ఉయ్యాలల ఏసి తూకం కాంటాకు తగిలిచ్చింది. చూసి నా దిక్కు తిరిగి తల అడ్డం ఊపింది.

పిల్ల మెల్లగ తేరుకున్నది. గుడ్డు చేతుల పెడితె తినకపోతుండె, గుప్పిట్ల పట్టుకోని కూసుంటుండె. అవ్వ వచ్చి ఒలిచి సగం తన నోట్ల పెట్టుకున్నట్టు చేస్తె, గప్పుడు నవ్వి తింటుండె. అవ్వను ఇడిసి తినని పిల్ల! చలికాలం నడుమకు వచ్చేసరికి గోడ పట్టుకోని అడుగులేసుడు షురూ చేసింది. నన్ను చూస్తె చేతులు చాపుతుండె. నేను కోపిష్టి మనిషిని, పిల్లలు నా దగ్గరికి రారు. ఇది వస్తుండె. నర్సమ్మ అవ్వకు చెప్పింది, “వచ్చే వానకాలం ఒక్కటి దాటిస్తె ఇగ పిల్లకు ఫికర్ లేదు. అప్పటిదాంక బువ్వ తప్పొద్దు.” అవ్వ గా మాటను పట్టుకున్నది. ఎవ్వలు కలిసినా చెప్తుండె, “వచ్చే వానకాలం ఒక్కటి.”

గా చలికాలమే ఖబర్ వచ్చింది. పైసలిచ్చే దేశంకెళ్లి ఒక మేడం, పెద్ద సంస్థ ఢిల్లీ ఆఫీసుకెళ్లి ఒక సారు, మా వాడకు వస్తరని. మా సారు వాడల సంఘం ఆడోళ్లను పిలిచి కూసోవెట్టిండు. నేను ముందే చెప్పిన, “ఉన్నది ఉన్నట్టు చూపియ్యిండ్రి. బక్క పిల్లల్ని ముంగట కూసోవెట్టుండ్రి. అవసరం చూసినంకనే ఇస్తరు.” సంఘం లీడరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆమె మాటకు వాడంత తల ఊపుతది.

“ఏందక్క నువ్వు?” అన్నది. “పిల్లను చూడనీకి వస్తుంటె చింపులు కట్టి కూసోవెడ్తరా ఎవ్వలన్న?”

అందరు పక్కున నవ్విన్రు. నాకు ఒళ్లు మండింది. “గిది లగ్గం కాదే! వాళ్లు సంబంధం కలుపుకోనీకి వస్తలేరు,” అని లొల్లి చేసిన. ఎవ్వలు ఇంటరు? మా దిక్కు గంతే. ఇంట్ల గింజ లేకున్నా సుట్టం ముంగట బువ్వ గిన్నె ఖాళీగ పెట్టరు. పక్కింటికెళ్లి పిండి తెచ్చి రొట్టె చేస్తరు, ఆ పక్కింటామె సుత నోరు ఇప్పది. కలిగినోళ్లు పెట్టినా పెట్టకున్నా నడుస్తది, లేనోళ్లకే గీ పట్టుదల.

గట్లనే చేసిన్రు. గోడలకు సున్నం ఏసిన్రు. ఊర్లకెళ్లి కుర్సీలు, లగ్గాల స్టీలు పల్లాలు తెచ్చిన్రు. మంచి చీరలు లేనోళ్లు అరువు చీరలు కట్టిన్రు, ఒకామె మెడల ఇంకొకామె బంగారు గుండ్లు. మేకను కోసిన్రు. పిల్లలకు తలలు దువ్వి కొత్త అంగీలు, గౌన్లు తొడిగిన్రు. నేను అందరిని చూసుకుంట పోయిన. అవ్వ ఉన్నది, మనుమరాలు లేదు.

“పిల్లేది అవ్వ?”

“ఇంట్ల పండుకున్నది బిడ్డ.”

“తీస్కరా. గా పిల్లనే చూపియ్యాలె.”

అవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. “గింత బక్కపిల్లను దేశం కాని దేశమోళ్ల ముంగట కూసోవెట్టి నా ఇజ్జత్ తీసుకోవాల్నా? ముసల్ది పిల్లను సాదలేదంటరు. నజర్ తగులుతది. నీకు దండం పెడ్త, చెప్పకు బిడ్డ.”

బండ్లు వచ్చినయి. కాళ్లకు నీళ్లిచ్చిన్రు, బొట్టు పెట్టిన్రు, తువాలలు కప్పిన్రు. మేడం నిజంగ మంచి మనిషి, అబద్ధమెందుకు చెప్పాలె. కుర్సీ వద్దని కింద కూసోని జొన్నరొట్టె, మటన్ కూర తిన్నది, కారానికి కండ్లల్ల నీళ్లు తిరిగినా ఇడిసిపెట్టలే. తిన్నంక అడిగింది, “ఇంక బక్కగ ఉన్న పిల్లలు ఎవ్వలన్న ఉన్నరా ఈడ?”

నేను తెలుగుల చెప్పిన. చెప్పి, అవ్వ దిక్కు చూసిన. అవ్వ తలకాయ ఒంచుకున్నది. లీడరమ్మ అందరి తరఫున అన్నది, “లేరు మేడం. మీ దయతోని అందరు మంచిగున్నరు.” ఎనకకెళ్లి ఆడోళ్లందరు, “మంచిగున్నరు, మంచిగున్నరు” అన్నరు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషుల చెప్పిన.

ఊకోలేకపోయిన. తిరుగు బండిల ఢిల్లీ సారు పక్కన కూసోని హిందీల చెప్పిన, “సార్, ఆడ ఒక పిల్లను దాసిపెట్టిన్రు. బండి జర తిప్పుండ్రి, నేను చూపిస్త.” ఆయన ముందు సీట్ల ఉన్న మేడం దిక్కు చూసి, గొంతు తగ్గిచ్చి చెప్పిండు. ఆయన చెప్పింది నా మాటలల్ల చెప్తున్న. చూసినా చూడకున్నా ఏం మారది. ఆ దేశంల సర్కారు మారింది, కొత్తోళ్లు బైటికి ఇచ్చే పైసలు తగ్గిచ్చిన్రు. మిగిలినయి వాళ్ల పక్కన లడాయి నడుస్తున్న దేశానికే అని కట్టడి చేసిన్రు. మన దేశం ఇప్పుడు గరీబు దేశాల వరుసల లేదు, పైకెక్కింది, పైకెక్కిన దేశాలల్ల గిట్లాంటివి మూసుకుంట వస్తున్నం. కాయితాల మీద ఎప్పుడో అయిపోయింది. గిది ఇచ్చేముందు చూసుడు కాదు, ముగించేముందు చూసుడు.

“పైకెక్కిన దేశంల వాగవతలి వాడ సుత ఎక్కిందా సార్?” అని అడిగిన.

ఆయన కిటికీలకెళ్లి బైటికి చూసిండు. “నాకు మాత్రం మంచిగనిపిస్తదా,” అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. వాళ్లల్ల ఒక్కడన్న చెడ్డోడు ఉంటె మంచిగుంటుండె, పట్టుకోని తిడుతుంటి. మా సావు దినాలకు మేమే మేకను కోసి పెట్టుకున్నట్టయింది. వచ్చినోళ్లు కడుపునిండ తిని పోయిన్రు.

ఎండకాలం మొదట్ల కేంద్రం మూసినం. కాంటాను, గిన్నెలను మా ఆఫీసుకు తెచ్చి అర్రల ఒక మూలకు పెట్టినం. ‘వాడోళ్లు ఇగ తమ కాళ్ల మీద తామే నిలబడ్డరు’ అని పైసలిచ్చినోళ్లు తమ కాయితాలల్ల రాసుకున్నరని మా సారు చెప్పిండు. వాడల కొట్లాట షురూ అయ్యింది. మేకను కోయమన్నదెవ్వలు, గుండ్లు ఎందుకు ఏసుకున్నవని ఒకలనొకలు తిట్టుకున్నరు. ఆఖరుకు అందరు కలిసి అవ్వ మీద పడ్డరు. “నువ్వు పిల్లను దాసిపెట్టకుంటె వాళ్లు చూస్తుండ్రి, కేంద్రం ఉంటుండె” అని. నేను పోయి అరిచిన, “మీ మేకతోని కాదు, అవ్వతోని కాదు, వాళ్లు రాకముందే అయిపోయిందది!” అని. లీడరమ్మ నమ్మలే. “గంత దూరంకెళ్లి వచ్చి, కింద కూసోని తిని, మనల చూసింది ఉత్తగనేనా? చూడకుండనే ఎట్ల తీసేస్తరక్క, నువ్వు సుత!” అన్నది.

ఆ యేడు అవ్వ కొడుకు, కోడలు చెరుకు అయినంక సీదా ఇటుకల బట్టీకి పోయిన్రు, ఇంటికి రాలే. అవ్వ పిల్లను సంకల ఏసుకోని ఎండిన వాగు దాటి అంగన్‌వాడికి పోతుండె. టీచరమ్మ పాపం ఇచ్చేదిస్తుండె. కని అవ్వకు మోకాళ్ల నొప్పులు, దినాం నడ్వలేకపోతుండె. నేను పోయినప్పుడల్ల గుడ్లు తీస్కపోయిన. నేను దినాం పోలేను కదా. పిల్ల గోడ పట్టుకోని నడుసుడు ఇడిసి, మల్ల ఒక్కకాడ కూసునుడు షురూ చేసింది.

వానలు మొదలైన దినాలల్ల ఇంకో దేశమోళ్లు, ఇంకో పెద్ద సంస్థ తరఫున వస్తున్నరని తెలిసింది. వీళ్ల పైసలు పిల్లలకు కాదు, వానలు మారిపోయినా తట్టుకునే పంటలకు, ఆడోళ్ల యాపారాలకు. మా సారు వాళ్లకు చూపియ్యనీకి మల్ల గా వాడనే పెట్టిండు, జొన్నలు, కొర్రలు బాగ పండిస్తరని. గీసారి వాడోళ్లు నన్ను అడగలే. వాళ్లకు వాళ్లే బుద్ధి తెచ్చుకున్నరు. నేను పోయి చూసి నెత్తి కొట్టుకున్న. పోయినసారి మంచి చీరలు అరువు తెచ్చినోళ్లు గీసారి చినిగిన చీరలు అరువు తెచ్చిన్రు! స్టీలు గిన్నెలు గడ్డిల దాసిన్రు. డిష్ గొడుగు మీద గోనెసంచి కప్పిన్రు. లీడరమ్మ నెత్తికి నూనె సుత పెట్టుకోలే. వచ్చినోళ్లకు మంచినీళ్లు తప్ప చాయ్ చుక్క లేదు. మా దిక్కు ఆడోళ్లకు గంతకన్న కష్టమైన పని ఇంకోటి ఉండది.

వచ్చినోళ్లల్ల మాట్లాడింది ఒక పడుసు పిలగాడు. “మీరు ఇన్నేండ్లల్ల ఏం సాధిచ్చిన్రు?” అని నవ్వుకుంట అడిగిండు.

“ఏం లేదు సారు. మాకు ఏం లేదు,” అన్నది లీడరమ్మ.

“పంట అమ్ముకుంటున్నరు కదా? లాభం?”

“ఏం లాభం సారు, బతుకుడే కష్టం,” అని అందరు ఏడుపు ముఖాలు పెట్టిన్రు. ఆయన ముఖంల నవ్వు పోయింది. ఆయనకు నిలదొక్కుకున్న ఆడోళ్లు కావాలె. మొదటోళ్లకు లేమి చూపియ్యాల్సింది, కలిమి చూపిచ్చిన్రు. వీళ్లకు కలిమి చూపియ్యాల్సింది, లేమి చూపిచ్చిన్రు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

గప్పుడు అవ్వ లేచింది. ఎనకకెళ్లి అందరిని దాటుకుంట ముంగటికొచ్చి, పిల్లను ఎత్తి ఆ పిలగాని ముంగట పట్టుకున్నది. గౌను సుత తొడగలే, పక్కటెముకలు కనపడాలెనని. “చూడు సారు. మంచిగ చూడు. పోయినసారి నేనే దాసిన, తప్పు నాదే. గీ వానకాలం ఒక్కటి దాటియ్యిండ్రి.” ప్రతి మాట చెప్పిన నేను.

పిలగాడు చేతులు ఎనకకు కట్టుకున్నడు. “చాన బాధగ ఉన్నది. కని మా పైసలు పిల్లలకు కాదు, పంటలకు,” అన్నడు.

“పంట తినేది పిల్లనే కదా సారు?” అన్నది అవ్వ.

నేను చెప్పిన. “ఎంత మంచి మాట చెప్పిందామె!” అని పిలగాడు ఆ మాటను ఫోన్ల రాసుకున్నడు. పిల్ల చేతిల ఒక బిస్కిట్ ప్యాకెట్ పెట్టిండు. తర్వాత బండెక్కి మొగుడంపల్లి దిక్కు పోయినం. ఆడ ఒక ఊర్ల ఆడోళ్లు ఒకటే రంగు చీరలు కట్టి జొన్న లడ్డూలు డబ్బాలల్ల అమ్ముతరు. ఆయన ఆడ మస్తు ఫోటోలు దిగిండు.

ఆ వానకాలమే వాగు గట్టిగ పారింది. పిల్లకు వాంతులు, మోషన్లు పట్టుకున్నయి. అవ్వ పిల్లను కొంగుల చుట్టుకోని వాగు ఒడ్డున కూసున్నది, అవతల ఆటో సుత వచ్చి ఆగి ఉన్నది. నీళ్లు తగ్గేదాంక ఎవ్వలు దాటలేకపోయిన్రు. తగ్గినంక వాడ మొగోళ్లు చేతులు పట్టుకోని అవ్వను దాటిచ్చిన్రు. జహీరాబాద్ దవాఖానకు వచ్చేసరికి ఆ పిల్ల లేదు. నేను దవాఖాన మెట్ల కాడికి ఉరికిన. అవ్వ కొంగు ఇప్పి చూపిచ్చింది.

పదో దినం దాటినంక అవ్వ ఒక్కతే ఆటోల మా ఆఫీసుకొచ్చింది. చాయ్ తెప్పిచ్చిన, తాగలే. మూలకున్న కాంటాను, దానికి ఏలాడుతున్న బట్ట ఉయ్యాలను చూసుకుంట కూసున్నది.

“ఒక్కటడుగుత, నిజం చెప్పు బిడ్డ,” అన్నది. “మొదటిసారే చూపిస్తె బతుకుతుండె కదా?”

నాకు నోటికాడికొచ్చింది, కాదు అవ్వ, వాళ్లు రాకముందే అయిపోయిందని. ఎన్నిసార్లు చెప్పిన్నో. నేను నోరు తెరవకముందే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“గా ముచ్చట మల్ల చెప్పకు. నేను దాసిన కాబట్టి పోయిందంటె, నన్ను నేను తిట్టుకుంట ఏడుస్త. ఎవ్వలో యాడనో కూసోని, నా పిల్ల ముఖం సుత చూడకుండ తీసేసిన్రంటె, నేను ఎవ్వల మీద పడి ఏడ్వాలె?”

గీ పనిల చేరినకాడికెళ్లి నేను ఒక్క మాట కలపలే, ఒక్క మాట మింగలే. ఆ దినం అవ్వ రెండు చేతులు పట్టుకున్న.

“అవును అవ్వ,” అన్న. “చూపిస్తె ఇస్తుండ్రి.”

అవ్వ గప్పుడు ఏడ్చింది.